అందించని మాట

ఉడతపిల్లకి,

నీ ఉత్తరం అందింది. అందులో ఒక తప్పుంది, ముందు అది దిద్దాలి. ఉద్యోగమంతా పిల్లల వ్యాసాలు దిద్దిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోదు. "పాపం, నువ్వు అందించిన మాట చిన్నమ్మమ్మకి వినపడలేదట, అమ్మ చెప్పింది" అని రాశావు. వినపడకపోవడం కాదే. నేను అందించలేదు.

ఇక్కడ ఆగి గ్లాసుడు మంచినీళ్ళు తాగు. మిగతాది దీనికంటే బాగుండదు.

నా పని నీకు తెలుసు. నాటకం జరుగుతున్నంతసేపూ తెర పక్కన, జనానికి కనపడకుండా, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. స్టేజీ మీద ఎవరైనా మాట మరిచిపోతే మొదటి ముక్క గుసగుసగా అందించడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ ఇందులో మెళకువ ఉంది. మనిషి మౌనంగా నిలబడితే అది నటనో మరుపో తెలుసుకోవాలి. తొందరపడి అందిస్తే నటన చెడుతుంది, ఆలస్యం చేస్తే మనిషి చెడుతుంది. అందుకే మీ చిన్నమ్మమ్మా నేనూ ఒక గుర్తు పెట్టుకున్నాం. మాట కావలసి వస్తే అది పక్కనున్న కుర్చీ వీపు మీద వేలు ఆనిస్తుంది. వేలు పడిందంటే నా మాట పడాలి. ఇన్నేళ్ళలో ఆ ఒప్పందం ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు విరామంలో నువ్వు తెర వెనక్కి పరిగెత్తుకొచ్చావు. చేతిలో పూలగుత్తి. నేను లేచి నిలబడ్డాను కూడా, మోకాళ్ళు పట్టుకుని మరీ. నువ్వు నన్ను దాటి వెళ్ళి మీ చిన్నమ్మమ్మని వాటేసుకున్నావు. ఫోటో తీస్తూ, "అమ్మమ్మా, కాస్త పక్కకి జరుగు, నీ నీడ చిన్నమ్మమ్మ మొహం మీద పడుతోంది" అన్నావు.

జరిగాను.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. నీడ పడుతోంది, నిజమే. కానీ నా జీవితమంతా దాని మొహం మీద నా నీడ పడకుండా జరుగుతూనే ఉన్నాను. నాకు చదువొచ్చింది, దానికి నవ్వొచ్చింది. నా చదువు చూడ్డానికి ఇంటికి ఎవరూ రాలేదు, దాని నవ్వు చూడ్డానికి వీధి వీధంతా వచ్చేది. నువ్వు పుట్టినప్పుడు, సరే, ఇది మాత్రం నా మనవరాలు, ఇందులో దానికి వాటా లేదు అనుకున్నాను. నువ్వు మాటలు నేర్చి ముందు పిలిచింది ఎవరిని? "చిన్న" అన్నావు. చిన్న గిన్నె కావాలేమోనని నేను వంటింట్లోకి వెళ్ళి తెచ్చాను.

విరామం తరవాత చివరి ఘట్టం. కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంటాడు, తల్లి అనాలి: "వెళ్ళు. తలుపు మాత్రం వేయకు." తల్లి వేషం మీ చిన్నమ్మమ్మది, ఆ మాట అనలేదు. నిలబడింది. హాలంతా అది నటన అనుకుంది, నువ్వు కూడా. వేలు వచ్చి కుర్చీ మీద పడింది. నేను చూశాను. నా ఒళ్ళో పుస్తకం ఉంది, ఆ పేజీ తెరిచే ఉంది, మాట నా నాలుక చివర ఉంది. దాన్ని అక్కడే ఉంచుకున్నాను. ఉండు, ఒక్కసారి నువ్వు కూడా చీకట్లో నిలబడు, అనుకున్నాను. వేలు కుర్చీ మీద రెండోసారి తట్టింది, మూడోసారి తట్టింది. కొడుకు వేషం వేసిన టైలరు బిక్కమొహం వేసి, చెప్పకుండానే బయటికి వెళ్ళిపోయి తలుపు వేసేశాడు. తెర దించేశారు.

ఇంతవరకూ అసూయ. అది నాకు పాత చుట్టం, చెప్పకుండా వచ్చినా చాప వేసి కూర్చోబెడతాను. సిగ్గుపడవలసింది తరవాతిది. మా డైరెక్టరు, అదే కళ్ళజోళ్ళ దుకాణం ఆయన, చెమటలు కక్కుకుంటూ వచ్చి, "మేడమ్, మీరు అందించలేదా?" అన్నాడు. అది నా పక్కనే నిలబడి వింటోంది. "అందించాను. వినపడలేదేమో" అన్నాను. ఎంత చక్కగా, ఎంత నిదానంగా అన్నానో! అంత బాగా అది జన్మలో నటించలేదు.

మీ అమ్మకి నువ్వు చెప్పకు. నేనే చెప్తాను.

నీ అసలు సిసలు అమ్మమ్మ
(ఒకటే ఉంటుంది, గుర్తుపెట్టుకో)

*

ఉడతా,

"ఈ రోజే చెప్పు" అని ఒక్క ముక్క రాసి కవరు అంటించావు. నీకు ఈ పొదుపు ఎవరి నుంచి వచ్చిందో గానీ నా నుంచి కాదు.

చెప్పలేదు.

జరిగింది విను. మీ అమ్మ దాన్ని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను, తేలుకుట్టిన దొంగలా మూలన కూర్చున్నాను. ఆయన దాన్ని గాజు గదిలో కూర్చోబెట్టి ఏవేవో చప్పుళ్ళు వినిపించి, "ఈ వయసులో ఇలాంటి చెవులు నేను చూడలేదమ్మా, గోడ అవతల పిల్లి నడిచినా వినపడుతుంది" అన్నాడు. నేను సంతోషించబోయాను. మీ అమ్మ మొహం చూసి ఆగాను. దాని లెక్క అది వేసుకుంది: అమ్మ అందించింది, చెవులు బాగున్నాయి, అయినా మాట అందలేదు. అంటే పోయింది చెవి కాదు, మతి.

అప్పటి నుంచి ఇంట్లో అందరూ దానితో నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడుతున్నారు. దాని ఇంటి తాళంచెవి ఒకటి మీ అమ్మ తన దగ్గర పెట్టుకుంది. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండకూడదట, పొయ్యి ఆపడం మరిచిపోతే ఎలా అట. నెలాఖరుకి మకాం మార్పించి ఇక్కడికి తెస్తుందట. ఇక్కడ అంటే ఎక్కడో ఊహించు. నా గదిలో, కిటికీ వైపు. చేసిన పాపం మంచంతో సహా ఇంటికి రావడమంటే ఇదే.

నిన్న వెళ్ళాను, చెప్పేద్దామనే. అది నాటకానికి కర్టెన్లు కుడుతోంది. కుట్టు మిషన్ ఆపి, లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసొచ్చింది. కూర్చుంది. మళ్ళీ లేచింది.

"ఏమే, ఇప్పుడే కదా చూసొచ్చావు?" అన్నాను.

"చూశానా?" అంది. నవ్వలేదు. దాని మొహం మీద నవ్వు లేకపోవడం నేను చూసింది తక్కువ. "అక్కా, ఒక్కటి నిజం చెప్పు. నువ్వు ఆరోజు నిజంగా అందించావా? నాకు గుసగుస కూడా వినపడలేదే. గాలి కూడా కదల్లేదు. అలా ఎలా పోతుంది?"

ఇంతకంటే తలుపు తీసి ఎవరు పిలుస్తారు? నా నోరు తెరుచుకుంది. "అందించాను" అంది నా నోరు.

అది తల ఊపింది. "సరే. నువ్వు అబద్ధం చెప్పవు" అని సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడింది.

ఇది చాలదన్నట్టు సాయంత్రం కళ్ళజోళ్ళాయన వచ్చాడు. నాటకం మళ్ళీ వేయాలి, టిక్కెట్లు అమ్ముడుపోయాయి, ఆవిడ చేత వేయించడానికి భయంగా ఉంది, కొత్తవాళ్ళు ఇంత తొందరగా నేర్చుకోలేరు. "పుస్తకం మొత్తం నోటికి వచ్చిన మనిషి ఒక్కరే ఉన్నారు మేడమ్. మీరు వేయండి" అన్నాడు.

నీ దగ్గర దాచను. ముందు అంతరాత్మ గుర్తుకు రాలేదు. అద్దం గుర్తుకొచ్చింది. ఆయన వెళ్ళగానే తలుపు వేసుకుని "వెళ్ళు. తలుపు మాత్రం వేయకు" అని అద్దంలోకి చూసి అన్నాను. బాగానే ఉంది. తరవాత వేసిన తలుపు వైపు చూసి మంచం మీద కూలబడ్డాను. దాని వేషం, దాని ఇల్లు, దాని మతి, మూడూ తీసుకున్నాను, ఒక్క మాట దాచుకుని. నాకు కావలసింది ఒక్కటే, అది వీటిలో లేదు. అది పూలగుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, నన్ను దాటి వెళ్ళిపోయింది.

రిహార్సల్ ఎల్లుండి. అందరూ ఉంటారు. ఒక్కదానికి చెప్పే ధైర్యం లేనిదాన్ని పదిమందిలో ఎలా చెప్తానో తెలియదు. కానీ పదిమందిలో అన్న అబద్ధం వంటింట్లో కడిగితే పోదు.

నీ పెద్దదిక్కు
(బుద్ధి మాత్రం చిన్నది)

*

ఉడతపిల్లకి,

పూర్తిగా రాస్తాను, మధ్యలో నవ్వకు. నవ్వే చోటు వచ్చినప్పుడు నేనే చెప్తాను.

రిహార్సల్ గదిలో కుర్చీలు గుండ్రంగా వేశారు. మీ చిన్నమ్మమ్మని కూడా పిలిచారు, తెరలు కుట్టేది అదే కాబట్టి. మీ అమ్మ దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గాజు సామానులా కూర్చోబెట్టింది. కళ్ళజోళ్ళాయన నాకు పుస్తకం ఇవ్వబోయాడు. నేను లేచాను. పిల్లల ముందు నిలబడ్డట్టే నిలబడ్డాను గానీ కాళ్ళు మాత్రం పాఠం అప్పజెప్పలేని పిల్లవి.

"ఆరోజు నేను మాట అందించలేదు. వేలు చూశాను. మాట తెలుసు. అందించలేదు. తరవాత అందించానని అబద్ధం చెప్పాను. దీని చెవులు బాగున్నాయి, మతి బాగుంది. బాగులేనిది నేను" అన్నాను.

ముందుగా టైలరు "అయితే నేను తలుపు వేయడం తప్పు కాదన్నమాట" అన్నాడు. వాడి బాధ వాడిది.

అది కుర్చీ నా వైపు తిప్పుకుంది. "ఎందుకు?" అంది.

"నువ్వంటే కుళ్ళు."

"అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసులే. నేనడిగింది అది కాదు. తరవాత ఎందుకు చెప్పలేదు?"

"భయం."

"నీకా?" అంది. "బడి బడంతా నీ చెప్పుల చప్పుడికి వణికేది!" తరవాత అంది: "వీధి చివరిదాకా వెళ్ళి, పొయ్యి ఆపానో లేదో అని వెనక్కి వచ్చి మూడంతస్తులూ ఎక్కేదాన్ని. ఆపే ఉండేది. అయినా మర్నాడు మళ్ళీ ఎక్కేదాన్ని. నన్ను నేనే నమ్మడం మానేశాను అక్కా. నీ మాట నమ్మి."



కళ్ళజోళ్ళాయన, అయితే వేషం మళ్ళీ మీదేనమ్మా అన్నాడు. అది లేచి, ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుంది. "నాకొద్దు. అక్కే వేస్తుంది. నేను పక్కన కూర్చుంటాను. మాట రాకపోతే ఎలా ఉంటుందో ఒకసారి తనూ చూడాలి" అంది. మీ అమ్మ చేతిసంచీలోంచి తన తాళంచెవి తనే తీసుకుని వెళ్ళిపోయింది.

సరే, నాటకం రోజు వచ్చింది. నీకు పరీక్షలు, రాలేకపోయావు, మంచిదే అయింది. మొహానికి రంగు వేసుకుని ఆ వెలుగులోకి వెళితే, ఏం చెప్పను, ఎండలోకి వచ్చిన గుడ్లగూబలా ఉంది నా పని. అయినా లాక్కొచ్చాను. చివరి ఘట్టం. టైలరు సంచీ తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను ఒక మాట అనాలి. ఏ మాట? ఇన్నాళ్ళూ నా నిద్రలో కూడా పలికిన మాట, అద్దానికి చెప్పిన మాట, శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయింది. వేలు తీసుకెళ్ళి కుర్చీ మీద ఆనించాను.

నిశ్శబ్దం.

మళ్ళీ తట్టాను. ఏమీ లేదు. అప్పుడనుకున్నాను: బాకీ వసూలు చేసుకుంటోంది. చేసుకోనీ. దాని స్థానంలో నేనున్నా ఇదే చేస్తాను, చేశాను కూడా. జనం ఎదురుగా ఉన్నారు, తెర పక్కకి పారిపోవడానికి నాలుగడుగులు చాలు. పారిపోలేదు. ఒక్కటి మాత్రం చెప్తాను, ఆ చీకటి ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. అది అక్కడ మూడుసార్లు కుర్చీ తట్టిందే, నేను చూస్తూ కూర్చున్నానే!

అప్పుడు పక్కనుంచి "తలుపు వేయకు!" అని ఒక కేక వచ్చింది. గుసగుస కాదు, కేక. ఆఖరి వరస దాకా వినపడింది. టైలరు హడలిపోయి, అప్పటికి వేయని తలుపుని ఇంకా బార్లా తెరిచాడు. హాలంతా గొల్లుమంది. ఇక్కడ నవ్వు.

తెర పడ్డాక అది చేతిలో పుస్తకం ఊపుతూ నా మీదికి వచ్చింది. "ఏంటక్కా నువ్వు! వేలు పడీ పడకముందే అందించాను. మళ్ళీ చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. మొదటి వరసలో వాళ్ళు పక్కకి తిరిగి చూశారు, నువ్వు మాత్రం బండరాయిలా నిలబడ్డావు. నీకు చెవులు పనిచేయట్లేదే తల్లీ!"

టైలరు అవునన్నాడు. తనకి మొదటిసారే వినపడిందట.

అంటే అది ఆగలేదు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. నన్ను అక్కడ నిలబెట్టింది అది కాదు, నా చెవి. అది నా మీద కక్ష తీర్చుకుంటోందని అనుకుంటున్నంతసేపూ అది నాకు మాట ఇస్తూనే ఉంది. ఉడతా, దాని నవ్వు మీద కుళ్ళుకున్నాను, నీ మీద దానికున్న చనువు చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు దాని మంచితనం ఒకటి తోడైంది. ఈ ఒక్క కుళ్ళు మాత్రం వదులుకోవాలని లేదు, దీన్ని చూసైనా కాస్త నేర్చుకుంటానేమో.

మర్నాడు అదే చెవి డాక్టరు దగ్గరికి మీ చిన్నమ్మమ్మ నన్ను ఈడ్చుకెళ్ళింది. అదే గాజు గది. ఆయన ఎప్పుడు చప్పుడు చేస్తాడా అని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను, పరీక్ష అయిపోయిందన్నాడు. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు, చిక్కుడుగింజంత. పెట్టుకోగానే ముందు వినపడింది అది వెనకాల నవ్వడం.

మీ అమ్మకి ఊరట దొరికినట్టయింది. "చూశావా అమ్మా, ఆరోజు కూడా నీకు వినపడకే పొరపాటు జరిగుంటుంది. అనవసరంగా నిన్ను నువ్వు తిట్టుకున్నావు" అంది. ఎంత మంచి దారి చూపించిందో! నడిచి వెళ్ళిపోతే అయిపోయేది. కానీ వేలు వినపడదే, కనపడుతుంది. నాకు కనపడింది. మీ అమ్మకి అదే చెప్పాను. పక్కనే ఉన్న మీ చిన్నమ్మమ్మ తన పళ్ళెంలోంచి బత్తాయి తొన ఒకటి తీసి నా పళ్ళెంలో వేసింది.

వచ్చే నాటకంలో వేషం దానిదే, పుస్తకం నాదే. తన ఇంట్లోనే ఉంటుంది, తాళంచెవి మెళ్ళో కట్టుకుని తిరుగుతోంది. నిన్న వెళ్ళి మధ్యాహ్నందాకా కూర్చున్నాను. అది ఒక్కసారీ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. వెళుతుందేమోనని నేనే చూస్తూ కూర్చున్నాను.

ఇక పని సంగతి. నువ్వు వచ్చేటప్పుడు ఈ మిషన్‌కి బ్యాటరీలు తీసుకురా. గుండ్రంగా, చొక్కా గుండీ కంటే చిన్నవి, వెనక గోధుమరంగు కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం దుకాణంలో పీకి చూడకు, పీకితే అయిపోతాయి. ఇక్కడ మందుల దుకాణంలో అడిగితే వాచీవి ఇచ్చాడు. రెండు అట్టలు చాలు. పూలు కూడా తెస్తే దానికే ఇవ్వు, నేను పక్కకి జరుగుతాను. బ్యాటరీలు మాత్రం ముందు నా చేతికివ్వు.

నీ చెవిటి అమ్మమ్మ