నీ మేనల్లుడి పన్ను ఊడింది

అన్నా,

నిన్న నా కొడుక్కి మొదటి పన్ను ఊడింది. నువ్వు పోయాక పుట్టాడు కాబట్టి, వాడికీ నీ జబ్బే వచ్చిందని నీకు తెలియదు.

పన్ను కదిలిన రోజే అమ్మ పాత చీర చింపి, పేలికలు మడతపెట్టి ఉంచుకుంది. రక్తం కంటికి కొట్టొచ్చినట్టు కనబడకూడదని ఎర్ర చీరే తీసింది. నీ పన్ను ఊడినప్పుడు రెండు చీరలు చాలలేదు కదా.

దెబ్బ తగిలిన చోట ముందు రక్తంలోని చిన్న కణాలు అడ్డం పడతాయట. వాటి మీద సన్నని దారాల వల అల్లుకుంటేనే రక్తం గట్టిగా గడ్డకడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ వలకి కావలసిన పదార్థం ఒకటి నీకు లేదు, వీడికీ లేదు. ఇప్పుడు దాన్నే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. నిన్న మార్కాపురం ఆసుపత్రిలో వేయించుకుని, ఇంటికి రావడానికి తర్లుపాడు ఆటో ఎక్కేసరికి రక్తం ఆగిపోయింది.

అమ్మ నమ్మితేగా! దారి పొడుగునా “నోరు తెరువు నాయనా” అంటూనే ఉంది.

“ఏంది అమ్మమ్మా, ఎన్నిసార్లు జూస్తావు? ఆగిపోయింది గదా!” అని వాడు విసుక్కుంటే ఆటోలో అందరూ నవ్వారు.

తడిసింది ఒక్క పేలికే. మిగిలినవన్నీ అమ్మ ఇవాళ వాడికే ఇచ్చేసింది. వాడు వాటిని ముడి మీద ముడి వేసి గాలిపటానికి తోక కట్టాడు. బరువుకి మొదట లేవనంది గానీ, గాలి అందుకున్నాక మన మిద్దె దాటి పైకి పోయింది. మన వీధిలో అంత పొడుగు తోక ఇంకెవరి గాలిపటానికీ లేదన్నా.