నరకానికి వేడి తగలకుండా

ప్రాచీన చర్చిల పరిరక్షణాధికారి గారి సముఖమునకు,
నార్ఫోక్ ప్రాంతం, థార్న్‌బీ మార్ష్ గ్రామ చర్చి వార్డెన్ క్లెమెంట్ థర్టిల్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆదివారం ఆరాధన వేళ మా చర్చిలో తేమ పెరుగుటకు కారణమైన రెండు బంగాళాదుంపల గురించి సంజాయిషీ, మరియు ఆర్గన్ వద్ద ఒక చిన్న హీటరుకు అనుమతి కోరుట.

తమరి నోటీసు అందినది. నా చేతిరాత నాకే అర్థం కాదు కనుక, చర్చి ఉత్తరాలన్నిటిలాగే దీన్నీ నేను చెబుతుండగా మా ఆర్గనిస్టు మిస్ ఆడ్రీ లార్టర్ గారు టైపు చేస్తున్నారు. తప్పులుంటే నావి. కామాలు ఆమెవి.

1. ముందుగా, చర్చి బాగోగులు చూసే ఈ పదవికి నేను అర్హుడను కానని మనవి. ఏటా జరిగే సమావేశంలో వార్డెన్‌గా ఎవరుంటారని అడగగానే అందరూ తమ బూట్ల వైపు చూసుకోవడం మా ఆనవాయితీ. ఆ రోజు నాకు చలి వేసి, కిటికీ మూద్దామని లేచాను. లేచినవాడే వార్డెన్ అని రాసేసుకున్నారు. ఆ కిటికీ మాత్రం నేటికీ మూతపడలేదు. దాని బందు చర్చి అంత పాతది, తమరి అనుమతి లేకుండా ముట్టుకోరాదట.

2. పంటల పండుగ ముందు గోడకు పట్టిన బూజు తుడుస్తుంటే సున్నం రాలి ఒక చెవి బయటపడింది. అచ్చం మా బావమరిది చెవిలా ఉందే అనుకుని ఇంకాస్త తుడిచాను. దయ్యం! తరువాత తమరి నిపుణులు వచ్చి, వేదిక ముందరి కమాను పైన గీసిన అంతిమ తీర్పు బొమ్మ మొత్తం బయటికి తీశారు. ఎడమవైపు స్వర్గం, కుడివైపు నరకం. నరకంలో దయ్యాలు పాపులను పెద్ద కాగులో ఉడికిస్తున్నాయి. వారిలో ఒకడిది నా ముక్కేనని ఊరంతా అంటోంది. ఇంతటి నిధిని కనిపెట్టిన మొనగాణ్ణని నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. అది మరుసటి ఆదివారం వరకే.

3. ఎందుకనగా, వేడి తగిలితే నరకం పెళ్లలుగా రాలిపోతుందని తమరు చర్చిని వెచ్చబెట్టే బాయిలరు ఆపించారు. చెకుముకి రాళ్ల గోడలు, పైకప్పు నిండా చెక్క దేవదూతలు, కింద ఓవర్‌కోట్లలో మేము. తనిఖీకి వచ్చినాయన బొమ్మను ప్రేమగా చూస్తూ, "ఆరు వందల ఏళ్ల నుంచి చలిలోనే ఉందండీ, దీనికి అలవాటైపోయింది" అన్నారు. మాకు ఎనభై ఏళ్లకే ఎలా అలవాటవుతుందని అడగవలసింది. పళ్లు టకటకలాడుతుంటే "అవునండీ" అన్నాను. ప్రస్తుతం మా భక్తులు ప్రార్థనలో కాగు వైపే ఆశగా చూస్తున్నారు. మా పాస్టరమ్మ గారికి ఇది ఇబ్బందిగా ఉంది.

4. ఆర్గన్ సరిగ్గా నరకం కింద ఉన్నది. మిస్ లార్టర్ గారు పదిహేడో ఏట నుంచి దాని ముందు కూర్చుంటున్నారు. ఈ చలిలో ఇంకా వాయిస్తే వేళ్లు ముడుచుకుపోతాయని డాక్టరు చెప్పారు. వాయించలేనప్పుడు ఈ ఊళ్లో ఉండి ఏం చేయాలని, క్రిస్మస్ కాగానే సముద్రతీరంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానంటున్నారు. పెట్టెలు కూడా అటక మీంచి దించారు. దించింది నేనే. ఎవరైనా సాయం అడిగితే కాదనలేను, అదీ నా తెలివి.

5. ఇక దుంపల సంగతి. తమరు గోడకు బిగించిన యంత్రం ప్రతి ఆదివారం ప్రసంగం వేళ తేమ పెరిగినట్లు చూపుతోందని, కారణం తెలపమని అడిగారు. తొక్కతో కాల్చి, ఇంకా ఆవిరి కక్కుతున్న రెండు దుంపలను నేను కోటు జేబుల్లో పెట్టుకొచ్చి మిస్ లార్టర్ గారికి ఇస్తున్నాను. ప్రసంగం సాగినంతసేపూ ఆమె చేతికొకటి పట్టుకుని వేళ్లు కాచుకుంటారు. ఆరాధన అయ్యాక వెనక గదిలో చెరొకటీ వెన్న రాసుకుని తింటాము. ఉప్పు ఆమె తెస్తారు. వారమంతా నేను ఆ దుంప కోసమే బతుకుతున్నానని కార్యాలయానికి తెలియజేయనక్కర లేదు గానీ, కారణం అడిగింది తమరే.

6. ఆ కారణం ఏదైనా సరే తక్షణం మాన్పించవలెనని తమరి ఆదేశం. శిరసావహిస్తాను. దుంపలకు బదులుగా, గోడకు మేకు కొట్టకుండా, నేల మీద, ఆర్గన్ బల్ల కింద ఒక చిన్న హీటరుకు అనుమతి ఇప్పించవలెను. లేనిచో ఈ చర్చిలో పాట ఆగిపోతుంది. నిజం చెప్పాలంటే పాట సంగతి తరువాత. ఆమె వెళ్లిపోతే నేను ఉండలేను. వచ్చే జనవరిలో, చర్చి ఆచారం ప్రకారం, మూడు ఆదివారాలు మా పెళ్లి ప్రకటన చదివించాలని నా కోరిక. ఆమెను ఇంకా అడగలేదు. ఇక్కడ టైపు ఆగింది. ఆమె కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "ఇది కూడా కొట్టాలా?" అన్నారు. కొట్టండి అన్నాను.

కావున తమరు ఈ సంగతులన్నీ దయతో, చలికాలం దాటిపోకముందే చిత్తగించవలెను.

ఇంకా కోటు విప్పని
తమ విధేయుడు,
క్లెమెంట్ థర్టిల్, వార్డెన్

తా.క. దీన్ని టైపు చేసిన ఆడ్రీ లార్టర్ రాస్తున్నది. థర్టిల్ గారు టీ పెట్టడానికి వెళ్లారు. చెప్పడం ముగించగానే పారిపోయారు అంటే సరిగ్గా ఉంటుంది. పెట్టెలు ఆయన చేతే మళ్లీ అటక ఎక్కిస్తాను. ఈ ఊళ్లో ఆర్గన్ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక, నా పెళ్లికి నేనే వాయించుకోవాలి. హీటరు విషయం కొంచెం త్వరగా చూడగలరు. మా ప్రకటన చదివినప్పుడు అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. నాకు లేదు. ఇక మిగిలింది మీ కార్యాలయమే.