చంద్రుడి మీద తెరవని తలుపు

ఉలితావు కొండల దిగువ మైదానంలో గుర్రాలు పెంచుకుని బతికిన సెయిత్‌కుల్ భార్యను, ఉర్కియా అనే నేను, నా తదనంతరం నా ఆస్తిలో ఏది ఎవరికి చెందాలో తెలియజేస్తూ రాయించిన వీలునామా ఇది. నా కాలేయం పాడైంది గానీ బుద్ధి పాడవలేదు. ఇందులో ఎవరి ప్రోద్బలమూ లేదు. ప్రోద్బలం చేద్దామని వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలో వారసుడు నా కొడుకు కయిసర్. అతను చనిపోయాడు కనుక అది ఇక చెల్లదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఊరి పశువైద్యురాలు బల్జాన్‌కు అప్పగిస్తున్నాను. తన్నే గుర్రానికే భయపడని మనిషి. మా మరిదికీ భయపడదు.

ఒకటి. గుర్రాల మంద మొత్తం నా కూతురు జనిల్‌కు దాన విక్రయాది సర్వహక్కులతో చెందుతుంది. బూడిదరంగు ఆడగుర్రాన్ని మాత్రం అమ్మకూడదు, మాంసానికి కోయకూడదు. అది కయిసర్‌ను తప్ప ఎవరినీ ఎక్కనిచ్చేది కాదు. ఇక ఎవరూ ఎక్కనక్కరలేదు.

రెండు. ప్రభుత్వం ఇచ్చిన బంగారు పతకం నా మరిది ఒరల్‌కు, అతని తర్వాత అతని పిల్లలకు. ఎందుకో రాస్తాను, తర్వాత తగవు రాకుండా.

కయిసర్ చంద్రుడి మీద మన దేశం కట్టిన స్థావరంలో గాలి యంత్రాలు చూసే ఇంజనీరు. అతను పోయిన కబురు మోసుకొచ్చిన అధికారులను మా ఇంటికి వెంటబెట్టుకొచ్చింది ఒరలే. నేనింకా నేల మీద కూలబడే ఉన్నాను. "వదినా, మనవాడు దేశానికే దీపమయ్యాడు. స్థావరానికి వాడి పేరు పెడతారట" అన్నాడు.

"శవం ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

వాళ్లలో పెద్దాయన టీ గిన్నెలోకి చూస్తూ, "అక్కడే మట్టి చేశామమ్మా. తిరుగు ప్రయాణంలో బరువు..." అని ఆగిపోయాడు. ఆ ప్రయాణంలోనే పెట్టెల నిండా చంద్రుడి రాళ్లు దిగాయని తర్వాత వార్తల్లో చూశాను.

పతకాన్ని నేను ముట్టలేదు. ఒరల్ అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. ముచ్చటపడ్డవాడికే దక్కాలి. అయితే స్థావరానికి గానీ వీధికి గానీ బడికి గానీ నా కొడుకు పేరు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. నేను పోయాక నా తరఫున ఒప్పుకునే హక్కు ఒరల్‌కు లేదు, ఎవరికీ లేదు.

మూడు. కయిసర్ పెళ్లికని నేను చేత్తో కుట్టిన ఉన్ని తివాచీ, పొట్టేలు కొమ్ముల అంచుది, మారిత్సా అనే ఆమెకు పంపాలి. ఆమె మనకు పరాయి దేశస్థురాలు. చంద్రుడి మీద మన స్థావరానికి గుట్ట అవతల ఆ దేశపు స్థావరం ఉంది, ఆమె అక్కడ పనిచేసేది. ఉద్యోగం ఊడగొట్టుకుని, నన్ను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది. అధికారులు చెప్పనిది ఆమె చెప్పింది. ఆమె భాష నాకు రాదు, మాట మాటా జనిల్ మన భాషలోకి మార్చి చెప్పింది.

మన స్థావరంలో నిప్పంటుకుంది. కయిసర్ తోటివాడు లోపలే పోయాడు. కయిసర్ ఒక్కడే బయటపడి, వీపున ఉన్న కొద్దిపాటి గాలితో గుట్ట దాటి వాళ్ల తలుపు దగ్గరికి చేరాడు. ఆ స్థావరం పెద్ద, తెరవాలా వద్దా అని తన రాజధానిని అడిగాడు. వాళ్లు మన రాజధానిని అడిగారు. లోపలికి వెళితే మనవాడు ఏ రహస్యాలు చెబుతాడోనని మనవాళ్లూ ఆగమన్నారు. రెండు రాజధానులూ ఆగమన్నాయి.

"ఆ కాసేపూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నాడమ్మా" అంది మారిత్సా. "'మా ఊళ్లో అయితే ఈపాటికి టీ పోసి, పేరు తర్వాత అడిగేవాళ్లు అక్కా' అన్నాడు. నవ్వాడు కూడా. తర్వాత మాట రాలేదు. ఇక నేను ఎవరినీ అడగలేదు, వెళ్లి తలుపు తీశాను."

ఆలస్యమైంది. అయినా తీసింది ఆమె. ఆ తివాచీ మీద పడుకోవాలి, గోడకు తగిలించకూడదు.

నాలుగు. చలికాలపు గుడిసె, పొయ్యి, ఆ పక్కన పేర్చిన పిడకలు ఎవరి పేరా రాయడం లేదు. మంచుతుఫానులో దారి తప్పినవాళ్లవి. ఒరల్ దానికి తాళం వేయాలని రెండుసార్లు చూశాడు, "దొంగలు పడతారు వదినా" అంటూ. పడనీ. దొంగకు చలి వేయదా. తాళం వేసినవాడికి ఈ వీలునామాలో వచ్చినది ఏదైనా తిరిగి తీసేసుకోమని బల్జాన్‌కు అధికారం ఇస్తున్నాను.

ఐదు. ఇది ఆస్తి విషయం కాదు, కానీ నమోదు కావాలి. చంద్రుడి మీద ఇంకా పెద్ద స్థావరం కట్టాలా వద్దా అని దేశం ఓటు అడిగింది. మా ఊరి సభలో ఒకాయన, "చలికాలపు మేతబీడు ముందు పట్టినవాడిదే కదా అక్కా. మనం కట్టకపోతే నీళ్లున్న చోటు వాళ్లు మింగేస్తారు" అన్నాడు. తప్పుడు మాట కాదు. జనిల్ డాక్టరు. కొత్త స్థావరానికి తనను ఎంపిక చేశారు. అందరి ముందూ లేచి, "అమ్మా, మనం వదిలేసి వస్తే అన్నయ్య పరాయివాళ్ల నేలలో ఉండిపోతాడు" అంది.

"నేల మనదైతే వాడికి గాలి అందేదా?" అన్నాను. నా బిడ్డను అలా పదిమందిలో అనకుండా ఉండాల్సింది.

మనుషులు అక్కడికి వెళ్లడం తప్పని నేను అనను. రాజ్యాలు తమ తగవులు మోసుకెళ్లి అక్కడ గోడలు కట్టడం తప్పంటాను. ఏ తలుపైనా తట్టినవాడికి అడక్కుండా తెరుచుకుంటుందని అందరూ ఒప్పుకునేదాకా ఒక్క మేకు కూడా కొట్టవద్దని నా ఓటు వేశాను. ఓడిపోయాం. కడుతున్నారు.

త్వరలో వెళ్లబోతున్న జనిల్ నా దీవెన అడిగింది. ఇవ్వలేదు. ఈ కాగితం మీద కూడా ఇవ్వడం లేదు. కోపంతో కాదు. ఇంతకుముందు కయిసర్‌కు ఇచ్చాను. వెళ్లొద్దని మాత్రం నేను శాసించడం లేదు. నా వెండి గాజులు దానికే.

ఆరు. నా ఖననం. ఖర్చు పెట్టకండి. వచ్చినవాళ్లకు మాంసం వండి పెట్టండి, ఒరల్‌ను మాట్లాడనివ్వకండి. నన్ను సెయిత్‌కుల్ సమాధి ఉన్న వరుసలోనే పూడ్చండి, కానీ ఆనించి కాదు. మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత నేల వదలండి. తిరిగొచ్చేటప్పుడు ఎవరిని తీసుకురావాలో జనిల్‌కు తెలుసు. బరువు అంటారు. బరువే. తొమ్మిది నెలలు మోశాను.

చదివించుకుని, విని, నా చేత్తో సంతకం చేశాను.

ఉర్కియా
2053 అక్టోబరు 14, ఉలితావు

సాక్షులు:
కెంజెతయ్, లారీ డ్రైవరు
ఉల్బోసిన్, పొరుగింటి ఆమె