కొండ మీద వేసిన నింద

విశాఖపట్నం

గంగరాజన్నకు,

ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఈ ఉత్తరం జీపు నడిపే సుక్రు చేత పంపుతున్నాను. చదివాక చించెయ్యాలనిపిస్తే చించెయ్యి. "నువ్వూ ఆళ్ళ మనిసివైపోనావే గుంటా" అన్నావు చూడు, ఆ మాటకి నా ఒళ్ళు ఇంకా మండుతోంది.

మన ఊట దగ్గర రేడియేషన్ ఉందనీ, కొండ రాయే విషమనీ, ఊరు ఖాళీ చెయ్యమనీ రేడియేషన్ కొలిచే మీటరుతో వచ్చిన ఇంజనీరు చెప్పాడు. ఆ రిపోర్టు మీద సంతకం మా ప్రొఫెసర్ సర్వేశ్వరరావుది, నాది కాదు. నేను ఆయన్ని అడిగింది ఒక్కటే. మీటరు పెట్టింది ఊట దగ్గరా, నిరుడు దాని పక్కన నిలబెట్టిన ఇనప ట్యాంకు దగ్గరా? తెలియదట! తెలియకుండానే ఊరిని లేచిపొమ్మన్నారు.

అందుకే మొన్న వచ్చినప్పుడు ఊట మట్టి, ట్యాంకు తుప్పు విడివిడిగా తెచ్చాను. ల్యాబులో కిరణాలను పట్టే రెండు జెర్మేనియం డిటెక్టర్లను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో ఒక్కొక్కటే ఉంచి చూశాను. ఏ రాయైనా కాస్తో కూస్తో గామా కిరణాలు చిమ్ముతుంది. ఆ రొదలో అసలుది కనబడదు. కానీ ఆస్పత్రి, ఫ్యాక్టరీ యంత్రాల్లో వాడే రేడియోధార్మిక కోబాల్టు నుంచి రెండు కిరణాలు దాదాపు ఒకే క్షణంలో వస్తాయి. అందుకని రెండు డిటెక్టర్లకూ ఒకేసారి తగిలినవే లెక్కలోకి తీసుకున్నాను. మట్టిలో ఆ జంట లేదు. తుప్పులో ఉంది. అలాంటి కోబాల్టు ఏ కొండలోనూ పుట్టదన్నా! ఎక్కడి యంత్రంలోదో తుక్కుతో కలిపి కరిగించి, ట్యాంకు చేసి మనకి అంటగట్టారు.

"థీసిస్ ముందుంది, ఎందుకమ్మా గొడవ" అన్నాడు ప్రొఫెసర్. ఆయన్ని దాటి ఫలితాలు పైఅధికారులకు పంపేశాను. పీహెచ్‌డీ పోతే పోనీ. ఆ ట్యాంకు దగ్గరకి ఎవరినీ వెళ్ళనివ్వకు. నీళ్ళు ట్యాంకుకి దూరంగా, ఊట పైవైపునే పట్టుకోండి.

కోపం తగ్గని నీ చెల్లెలు,
రత్నాలు

* * *

చెల్లీ రత్నాలూ,

నువ్వు ఫలితాలు పంపిన అధికారులు వచ్చి ట్యాంకును ముక్కలుగా కోసి, పెట్టెల్లో పట్టుకుపోయారు. తర్వాత ఇంజనీరూ, మీ ప్రొఫెసరూ మీటింగు పెట్టారు. "చిన్న పొరపాటు. ఇక మీరు ఇక్కడే ఉండొచ్చు" అని ఇంజనీరు లేవబోయాడు. అమ్మ అడ్డంగా నిలబడింది.

"ఉండమనడానికి నువ్వెవుడివి బావూ? మా కొండదే తప్పన్నావు గదా. కాదని సెప్పు."

ఆయన నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"గట్టిగా సెప్పు. ఎనకున్నోళ్ళకి ఇనబళ్ళేదు."

చివరికి మీ ప్రొఫెసరే మైకు అందుకున్నాడు. "తప్పు కొండది కాదు, మాది. రత్నాలు అడిగినప్పుడు నేను వినలేదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టలేదు. అమ్మ కూర్చోలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వేటి సూత్తన్నావు? నా గుంటని ఏటన్నావో, అదీ తప్పని సెప్పు."

మైకులోనే చెప్పాను చెల్లీ, వెనకున్నవాళ్ళకి కూడా వినబడేలా.

నీ అన్న,
గంగరాజు