మిష్రిఫ్ ఇంట్లో తెలుగు గొంతు

హవల్లీ, కువైట్
2025 మే 11, ఆదివారం

చిరకాల మిత్రుడు పెంచల్‌కు అల్లాబకష్ సలాములు.

నువ్వూ, అమ్మా చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. ఇక్కడ నా ఆరోగ్యానికి లోటు లేదు. మన కంప్యూటర్ షాపు కూడా మనం పెట్టిన చోటే ఉంది. నీ నంబరు మారిపోయింది. కొత్త నంబరు ఎవరినడిగినా చెప్పలేదు, కువైట్ వాళ్లెవరికీ చెప్పొద్దన్నావని తర్వాత తెలిసింది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మన రఫీ మంగళవారం రాయచోటికి వస్తున్నాడు. ఈ ఉత్తరంతో పాటు ఒక పెన్‌డ్రైవు కూడా నీ చేతికే ఇస్తాడు. దయచేసి ఉత్తరం పూర్తిగా చదివాకే దాన్ని తెరువు.

పోయిన నెల చివర్లో నాసిర్ అనే కువైటీ కుర్రవాడు ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల విండోస్ బదులు లినక్స్ ఉంది. ఇంట్లో సామాన్ల గదిలో మూడు నాలుగేళ్లు పడి ఉందట. చెల్లెలి చదువుకని బయటికి తీస్తే ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదన్నాడు. చూస్తే గడియారం 2009 జనవరి ఒకటి దగ్గర ఆగి ఉంది. తేదీ తప్పైతే ఏ సైటూ నమ్మదు కదా. గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ మార్చి, టైము సరిచేసి, పది నిమిషాల్లో ఇచ్చేశాను. అది ఎవరి మెషినో నేను గుర్తుపట్టలేదు.

మే నాలుగున నాసిర్ ఫోన్ చేశాడు. మెషిన్ తనంతట తనే ఆన్ అవుతోందనీ, మాట్లాడుతోందనీ, ఉన్నపళంగా రమ్మనీ అన్నాడు. మిష్రిఫ్‌లో ఆ ఇంటి గేటు ముందు కారు దిగాక గుర్తుపట్టాను. అది సిద్ధమ్మ పనిచేసిన ఇల్లు, పెంచలా.

ముందు ఉండిన పైగదిలోనే పెట్టారు మెషిన్‌ను. సిద్ధమ్మ కనిపెట్టుకుని ఉండిన ముసలామె, అదే నాసిర్ నాయనమ్మ, మంచాన పడి ఉండిన గది అదే. ముసలామె పోయి రెండేళ్లయిందట. ఇప్పుడు అందులో వెంకటేశ్వరి అనే కొత్త పనిమనిషి పడుకుంటుంది. లక్కిరెడ్డిపల్లె వైపు పిల్ల, వచ్చి ఎనిమిది నెలలు. తలుపు దగ్గర గోడకు ఒదిగి నిలబడి ఉంది. నాసిర్ తల్లి, అదే పనివాళ్లంతా మామా అని పిలిచే యజమానురాలు, కుర్చీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది. గోడ మీద గడియారం సాయంత్రం నాలుగూ పది చూపించగానే ఎవరూ ముట్టకుండానే మెషిన్‌లో ఫ్యాన్ తిరిగింది. తెర వెలగలేదు. కాసేపటికి స్పీకర్లోంచి ఒక గొంతు వచ్చింది. అది ఆడా కాదు, మగా కాదు, రేకు మీద గీసినట్టుంది.

“సిద్ధమ్మా. నేనే. అన్నం తిన్యావా.”

అంతే. నిమిషం తర్వాత దానంతటదే ఆగిపోయింది.

మొదటి రోజే మామా ఇదేం భాష అని వెంకటేశ్వరిని అడిగిందట. ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది, ఎవరో సిద్ధమ్మను అన్నం తిన్నావా అని అడుగుతున్నారని. ఆ పేరు విని మామా తెల్లబోయింది. సిద్ధమ్మ ఆ ఇంట్లో ఉండేదనీ, జ్వరంతో పోయిందనీ ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా పేరెలా తెలిసిందని మామా పట్టుకుంది. ట్రంకులో వెతికితే కుంకుమ పొట్లం, నల్ల తాడు దొరికాయి. ఇక సిహ్ర్ అంది, చేతబడి అని. నాసిర్ నన్ను పక్కకు పిలిచి, గురువారం లోపల కారణం చూపించకపోతే పిల్లను ఠాణాలో అప్పగిస్తానన్నాడు. ఇక్కడ ఆ మాట పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?

ఆ పిల్ల మెట్ల దగ్గర నా కాళ్ల మీద పడినంత పని చేసింది. “అన్నా, నాకు యాడిది ఈ కంప్యూటరు? స్విచ్చి యాడుందో గూడా తెలీదు. నాకు ఇద్దరు పిల్లోళ్లున్నారన్నా,” అని ఏడ్చింది.

సోమవారం ఇంటర్నెట్ కేబుల్ పీకేశాను. బయటినుంచి ఎవరైనా ఆడిస్తున్నారేమో అనుకున్నాను. ఆ రోజు పొద్దుటినుంచే గాలి లేచి ఆకాశం ఎర్రబడింది. సరిగ్గా నాలుగూ పదికి గొంతు, “దుమ్ము లేస్తాది. కిటికీ మూసుకో,” అంది. నేను అరబ్బీలో అర్థం చెప్పగానే మామా లేచి గబగబా వెళ్లి కిటికీ మూసింది. మూశాక తన చేతులను తనే చూసుకుంది.

మంగళవారం కళ్లు లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను ఆపేశాను. పాత లినక్స్‌లో అది ఒక్కోసారి దానంతటదే మొదలవుతుంది. ఆ గదిలో ఒక మూల కూర్చుని వెంకటేశ్వరి కళ్లు తుడుచుకుంటోంది. గొంతు వచ్చింది. “ఏడవొద్దు. ఎవురూ లేరనుకోవొద్దు.”

పెంచలా, ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఏ మెషినూ మనిషిని చూసి మాట్లాడదని నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు గది దాటి వచ్చేటప్పుడు వీపు తిప్పలేదు. వెనక్కి నడిచి వచ్చాను.

బుధవారం భయం పక్కన పెట్టి వరసగా చూశాను. పెన్‌డ్రైవులో నా లినక్స్ పెట్టి దానితో నడిపితే నాలుగూ పదికి మెషిన్ నోరు మెదపలేదు. అంటే గొంతు డిస్కులోనే ఉంది. డిస్కులోంచి మళ్లీ నడిపి, మెషిన్ తాను చేసే పనులు రాసుకునే చిట్టా తెరిచాను. ప్రతిరోజూ నాలుగూ పదికి ఒక పని పెట్టి ఉంది, ‘సిద్ది’ అనే పేరు మీద. ఆ పని ముగిశాక మర్నాటికి అలారం పెట్టుకుని మెషిన్ ఆగిపోతుంది. బ్యాటరీ చచ్చినన్నాళ్లు అలారమూ చచ్చింది. బ్యాటరీ మార్చి దాన్ని లేపింది నేనే.

దాని పక్కనే ఒక ఫైలు. మూడువందల అరవై ఐదు వరుసలు, తెలుగులో. ఒక్కో తేదీకి ఒక్కో మాట. నెల ఉంది, రోజు ఉంది, సంవత్సరం లేదు. దుమ్ము లేచే నెలలో దుమ్ము మాట, చలిలో దుప్పటి మాట. ‘వద్దు’ను ‘వొద్దు’ అని రాసేది మన షాపులో నువ్వొక్కడివే. ఇరవై వరుసలు చదివి ఆపేశాను. నాకు చదివే హక్కు లేదనిపించింది.

చదువు రాని సిద్ధమ్మకు, శుక్రవారం తప్ప చేతికి ఫోన్ దొరకని సిద్ధమ్మకు, ముసలామె నిద్రపోయే వేళ చూసి నువ్వు పెట్టిన మాటలవి. సర్వీసు పేరుతో ఆ ఇంటికి నువ్వు అన్నిసార్లు ఎందుకు వెళ్లేవాడివో నాకు పూర్తిగా అప్పుడు తెలిసింది.

గురువారం నాసిర్‌కు ఆ ఫైలు తేదీ చూపించాను. చివరిసారి రాసింది 2021 ఫిబ్రవరి. వెంకటేశ్వరి పాస్‌పోర్టు తెప్పించి ముద్ర చూడమన్నాను. ఆమె కువైట్‌లో దిగింది 2024 సెప్టెంబరులో. నాసిర్ చదువుకున్నవాడు, అర్థం చేసుకున్నాడు. తల్లికి అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు. ఎవరు రాశారని మామా నన్ను అడిగింది. సిద్ధమ్మ బాగు కోరిన మనిషి అన్నాను, పేరు చెప్పలేదు. మామా తస్బీ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, సిద్ధమ్మ మా అత్తను తన తల్లిలా చూసింది అంది. లేచి వెళ్లి వెంకటేశ్వరి కుంకుమ పొట్లం ఆమె చేతిలో పెట్టింది. ఠాణా మాట ఖలాస్.

నేను ఆ పనిని తీసేసి, ఫైలు నీకోసం పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాను. దిగి వస్తుంటే వెంకటేశ్వరి గేటు దాకా వచ్చింది. ఇంక అది మాట్లాడదా అని అడిగింది. మాట్లాడదన్నాను. “భయపడి సచ్చినానన్నా. అయినా నాలుగూ పది కోసం కాసుకోని ఉండేదాన్ని. ఈ ఇంట్లో అన్నం తిన్యావా అని అడిగింది అదొక్కటే,” అంది.

అమ్మకు నా సలాము చెప్పు. నీకు జవాబు రాయాలనిపిస్తే రాయి.

ఒకప్పటి నీ భాగస్వామి,
అల్లాబకష్

తా.క. ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. అసలు సంగతి రాయలేదు.

ఆ ఫైలు పక్కనే ఇంకొకటి ఉంది. ఒక మీట నొక్కి తన గొంతుతోనే నీకు జవాబు రికార్డు చేయడం ఆమెకు నేర్పావు కదా. సర్వీసుకు వెళ్లినప్పుడల్లా విని తుడిచేసి ఉంటావు. చివరిది మాత్రం ఉండిపోయింది. 2021 మే నెలది. ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందుది. ఆ తర్వాత నువ్వు ఆ ఇంటికి వెళ్లలేదు, కాబట్టి వినలేదు.

అందులో ఉన్నది యంత్రం గొంతు కాదు, సిద్ధమ్మదే. దగ్గుతూ చెప్పింది. “పెంచలా, జొరం తగ్గలేదు. ఊపిరి ఆడడం లేదు. మామాకు తెలీకుండా ఆమె ఫోనుతోనే షాపుకు చేసినా. బకషన్న ఎత్తినాడు. నీకు చెప్తానన్యాడు. వస్తావు గదా.”

ఎత్తింది నేనే. నీకు చెప్పలేదు. మీ సంగతి బయటపడితే మీ ఇద్దరినీ దేశం దాటిస్తారనీ, షాపు మూతపడుతుందనీ భయపడ్డాను. మామూలు జ్వరమే అనుకున్నాను. రెండు రోజులాగి చెబుదామనుకున్నాను. తర్వాత నువ్వు నన్ను అడిగావు, తను ఒక్కసారైనా ఫోన్ చేసిందా అని. లేదన్నాను. కనీసం ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందని నువ్వు ఆమె మీద అలిగి, ఈ దేశం విడిచిపోయావు.

ఆ ఫైలు తుడిచేయడానికి ఒక్క మీట చాలు. రెండు రోజులు వేలు దాని మీదే పెట్టుకుని కూర్చున్నాను. నాకు చేతకాలేదు. పెన్‌డ్రైవులో ఉంది. చివరిదాకా విను. వస్తావు గదా అన్నాక పదకొండు సెకన్లు ఏమీ ఉండదు, ఆమె ఊపిరి తప్ప. ఆ తర్వాత తనకు తనే చెప్పుకున్నట్టు ఇంకొక్క మాట ఉంది.

“బకషన్న మర్చిపోడులే.”