గడ్డిలోంచి తీసిన పొడి

బుజ్జీ, నువ్వు పోయి నేటికి ఏడాది. నీతో లేబులో పనిచేసిన మేరీ మన మల్కాపురం ఇంటికి వచ్చింది. పద్మనాభం ఊరి పొలాల్లోంచి తెచ్చిన వరిగడ్డిని కాస్టిక్ సోడాలో ఉడికించి, ఆ నల్లనీళ్లలో యాసిడ్ పోసి నువ్వు తీసిన పొడి, అదే లిగ్నిన్, కావాలంది. మీ నాయనమ్మ నశ్యమనుకుని పీల్చి తుమ్మిన సీసాయే. దాని గుణం తేలిస్తేగాని నీ పని పూర్తవదట.

"పరీక్ష చేస్తే కాలిపోతాది పిన్నీ. మళ్లీ తేలేను."

"సిటికెడైనా ఉంచవేటే?"

"ఏటి, నాయనమ్మ నశ్యానికా?"

ఇద్దరం నవ్వాం. నువ్వు చేత్తో చేసింది ఇంట్లో ఇంకేమీ లేదు. మూత తీసి వాసన చూసుకుని, మొత్తం ఇచ్చేశాను. రేపు కాలుస్తారట. ఇచ్చింది మంచిదో కాదో తెలియడం లేదు. పని ధ్యాసలో అన్నం మరిచిపోయేదానివి. అక్కడైనా వేళకి కడుపునిండా తిను, తల్లీ.