కుడిచెయ్యి అని రాయించాను

గోదావరిఖని, శుక్రవారం

యేసమ్మకు,

నా కుడిచేతి వేళ్లు నలిగిన రోజు దవాఖానలో రాతపని చేసే నీ తమ్ముడు కాగితంలో ఎడమచెయ్యి అని రాశాడు. "రేపు దిద్దుత బావా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. దిద్దలేదు. కుడిచెయ్యి బాగానే ఉందని నన్ను మళ్లీ బొగ్గు నింపే పనికే పంపారు.

మన కొడుకు ఎడ్వర్డుకు అట్లా జరగనివ్వలేదు. బొగ్గుబావిలో వాడి కుడి చూపుడువేలి చివరి ఎముక విరిగింది, అతుక్కుంటుంది. కంప్యూటర్లో గాయం కోడ్ ఎక్కించే అమ్మాయి ఎదురుగా కూర్చుని, తన ఎడమవైపు కనబడిన చేతిని ఎడమ అని కొట్టింది. డాక్టరు చీటీలో ఉన్నది "చేతికి గాయం" అని మాత్రమే.

"ఇటొచ్చి నా పక్కన నిలబడి చూడు బిడ్డా" అన్నాను.

"నువ్వేమన్న డాక్టరువా తాతా?"

"కాదు. తప్పు కాగితంతోని ఇరవై ఏండ్లు తట్ట మోసినోణ్ణి."

నవ్వుతూ లేచి వచ్చి చూసింది. డాక్టరు రాయనిదే మార్చలేనంది. ఆయన దగ్గరికే వెళ్లి ఏ చెయ్యి, ఏ వేలు, ఏ ఎముక అన్నీ రాయించాను. ఇక వేలు అతుక్కునేదాకా మెడికల్ బోర్డు వాడికి బావిలోకి దిగకుండా పైన పని ఇవ్వక తప్పదు.

చేతులు వదులుగా ఉన్న చొక్కాలు రెండు పంపు, కట్టు దూరడం లేదు. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? నేను సగం చదివిన పుస్తకాన్ని ఎలుకలకు వదలకు. కోడలికి, పిల్లలకు దీవెనలు. కార్డు మీద రాస్తే దారిలో అందరూ చదువుతారని తెలిసే రాస్తున్నాను: నా చేతికి జవాబు చెప్పవలసినవాడు నీ తమ్ముడు జాన్ ప్రసాద్.